నడక ఆలస్యమైన మన పిల్లలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో చదువు గురించి మాట్లాడటం మాకు అలవాటు. ఉర్దూ మీడియం బడిలో పిల్లలు తగ్గిపోతున్నారనో, పదో తరగతి కాగానే ఆడపిల్లల్ని మాన్పించేస్తున్నారనో ఏదో ఒకటి చెప్పి కూర్చునేవాళ్ళం. ఈసారి కార్యదర్శిగారు అడిగినప్పుడు వేరే విషయం చెబుతామన్నాము. "డాక్టరు చెప్పవలసింది మాస్టారు చెబితే ఎలాగండీ?" అని వారు నవ్వారు. నిజమే, మేము డాక్టర్లం కాము. కాని రిజిస్టరులో పేరుండి బడికి రాని పిల్లవాడు ఎందుకు రావడంలేదో కనుక్కోవలసిన పని మాది. అలా కనుక్కుంటూ వెళ్ళగా కొన్ని ఇళ్ళలో వెనకగదిలో, చాపమీద, గోడకు చేరవేసి కూర్చోబెట్టిన పిల్లలను చూశాము. ఈ నాలుగు మాటలూ వారి గురించే.

మన చోడవరంలో నడవలేని బిడ్డను చూడగానే పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి మాట పోలియో. ఆ మాటకు కారణం లేకపోలేదు. మాకన్న పెద్దవారిలో, మా యీడువారిలో కూడా, చేత్తో తొడ అదిమిపట్టి నడిచేవారు ఇప్పటికీ మన వీధుల్లో ఉన్నారు. ఆ రోజుల్లో కాలు పడిపోయిన పిల్లలను బస్సెక్కించి విశాఖ పెదవాల్తేరులోని రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రికి తీసుకుపోయేవారు. పోలియో ఆపరేషన్లకు పేరుపడిన విశాఖ డాక్టరు ఎస్.వి. ఆదినారాయణరావుగారు ఎన్నో ఉచిత శిబిరాలు పెట్టి, పాకే పిల్లలను నిలబెట్టారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళవారు తమ బంధువుకే వచ్చినట్లు సంతోషించారు. 1995లో మొదలైన పల్స్ పోలియో చుక్కల పుణ్యమా అని ఆ జబ్బు మన దేశంలో తగ్గుతూ వచ్చి, చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలు హౌరా జిల్లాలో కనిపించింది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది.

మరి పోలియో పోయాక కూడా నడక రాని పిల్లలు ఎందుకున్నారు? ఇక్కడే మనవాళ్ళు పొరబడుతున్నారు. పోలియోలో వెన్నుపాములోని నరాల కణాలు చచ్చిపోతాయి, ఆ నరం ఆడించే కండ వాడిపోతుంది, కాలు సన్నబడి మెత్తగా వేలాడుతుంది. ఇప్పుడు మనం చూస్తున్న పిల్లలలో ఎక్కువమందికి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నారు. ఇందులో పుట్టుకతో కాలు బాగానే ఉంటుంది. కాలికి హుకుం పంపే మెదడు భాగం దెబ్బతిని ఉంటుంది. హుకుం సరిగా అందక, సడలవలసిన కండ బిగుసుకుంటుంది. అందుకని మడమ నేలకానదు, మునివేళ్ళమీద నిలబడతాడు. ఎత్తి నిలబెడితే కాళ్ళు కత్తెరవలె ఒకదానిమీద ఒకటి అడ్డం పడతాయి. కొందరిలో బిగుతుకు బదులు చేతులూ కాళ్ళూ తమంతట తామే మెలికలు తిరుగుతుంటాయి. పుట్టిన వారంలో కామెర్లు మితిమీరి మెదడుకెక్కిన బిడ్డలలో ఇది ఎక్కువ. కనుక పసిబిడ్డ ఒళ్ళు పసుపుపచ్చగా ఉంటే ఎండలో చూపించి ఊరుకోకూడదు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, అవసరమైతే దీపం కింద పడుకోబెడతారు.

ఈ తేడా ఎందుకింత చెబుతున్నామంటే, వైద్యం కూడా తేడాయే. "ఫలానావారి అబ్బాయి ఒక్క ఆపరేషనుతో లేచి నడిచాడట" అన్న కబురు విని, నాలుగైదేళ్ళ బిగుతుకాళ్ళ పిల్లవాడి మడమ నరం కోయించాలని తొందరపడే తండ్రులున్నారు. దాన్ని నరమని మనమంటాము గాని, అది కండను ఎముకకు కట్టే తాడు వంటిది. ఈ జబ్బులో దాన్ని మరీ సాగదీస్తే మడమ నేలకు ఆనుతుంది, నిజమే. కాని మోకాళ్ళు వంగిపోయి, పిల్లవాడు గొంతు కూర్చున్నట్లే నడవవలసి వస్తుంది. అది మొదటి బాధకన్న పెద్దది. ఆపరేషను వద్దని మేమనటంలేదు. ఎప్పుడు, ఎంత అన్నది ఈ పిల్లలను రోజూ చూసే ఎముకల డాక్టరు నిర్ణయించాలి. పక్కింటి కబురు నిర్ణయించరాదు.

నడక ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఇదే జబ్బని కూడా కాదు. డౌన్ సిండ్రోము ఉన్న పిల్లలకు ఒళ్ళు మెత్తగా ఉండి రెండేళ్ళకో, ఇంకా తరువాతో నడక వస్తుంది, కాని చాలావరకు వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలలో కొందరు కాలు బాగుండి కూడా మునివేళ్ళమీదే తిరుగుతారు. రెట్ అనే జబ్బు దాదాపు ఆడపిల్లలకే వస్తుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా బాగానే ఎదిగిన పాప చేతులు వాడటం, మాట, నడక పోగొట్టుకుంటుంది. మొగపిల్లల్లో అయిదారేళ్ళకు తరచు పడిపోతూ, లేచేటప్పుడు తన తొడలమీద తానే చేతులు వేసుకుని లేచేవాణ్ణి చూస్తే అది కండల జబ్బు కావచ్చును. ఇవన్నీ విడదీయడం మన పని కాదు. మనం గుర్తుంచుకోవలసింది ఒక్కటే. వచ్చిన నడకగాని, వచ్చిన మాటగాని పోతే, వారం కూడా ఆగరాదు.

ఇక తల్లుల గురించి. ఇటువంటి బిడ్డ పుట్టిన ఇంట మొదటి నేరస్థురాలు తల్లే. గ్రహణంనాడు బయట తిరిగిందనీ, కడుపుతో ఉండగా భయపడిందనీ, ఆమె పుట్టింటి వంశంలోనే ఉందనీ అంటారు. 1861లో లండనులో విలియం జాన్ లిటిల్ అనే డాక్టరు, కష్టకాన్పుకూ పిల్లల కాళ్ళ బిగుతుకూ సంబంధం ఉందని మొదట విడమరచి చెప్పాడు. ఆయనకే చిన్నతనంలో జబ్బుచేసి ఒక పాదం వంకరపోయింది. చాలాకాలం ఈ జబ్బును లిటిల్ జబ్బనే పిలిచేవారు. తరువాత 1897లో, మనసు వైద్యానికి పేరుపడిన ఫ్రాయిడ్, ఆయన నరాల డాక్టరు కూడా, వేరొక మాట అన్నాడు. కాన్పు కష్టమవడం కారణం కాకపోవచ్చు, కడుపులోనే మొదలైన లోపానికి అదొక గుర్తు కావచ్చు అని. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చాలా కేసుల్లో అదే నిజమని డాక్టర్లు ఒప్పుకుంటున్నారు. నెలలు నిండకుండా పుట్టడం, బరువు మరీ తక్కువ, పుట్టగానే ఏడవకపోవడం, కామెర్లు, మెదడువాపు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. గ్రహణం వాటిలో లేదు. దగ్గర చుట్టరికపు పెళ్ళిళ్ళ మాట డాక్టరు తప్పక అడుగుతారు. మనలోనూ, మేనరికాలు చేసుకొనే మన హిందూ సోదరులలోనూ అటువంటి పెళ్ళిళ్ళవల్ల కొన్ని వంశపారంపర్య నడక జబ్బులు వస్తాయి గనుక. అడిగితే దాచకుండా చెప్పండి. అది తల్లి ఒక్కదాని వంశపు మాట కాదు, రెండు వైపులవారిదీను.

గ్రహణమంటే గుర్తుకు వచ్చింది. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణంనాడు కర్ణాటకలో కలబురగి దగ్గరి ఒక ఊళ్ళో నడవలేని పిల్లలను మెడదాకా మట్టిలో పూడ్చి నిలబెట్టారు. పిల్లలు ఏడుస్తూంటే అధికారులు వచ్చి బయటకు తీయించారు. మన ప్రాంతంలోనూ ఇసుకలో నడుందాకా పాతితే కాళ్ళకు బలం వస్తుందని చెప్పేవారు లేకపోలేదు. మా దాదీ కూడా చెప్పేది. మట్టి బిగించి పట్టుకుంటే పిల్లవాడు నిలబడినట్లు కనబడతాడు. తీయగానే పడిపోతాడు. తావీజు కట్టించుకోవడం, దర్గాకు మొక్కుకోవడం ఎవరి నమ్మకం వారిది. దానిమీద వాదం పెట్టుకోము. కాని మొక్కు తీరేదాకా డాక్టరు దగ్గరకు వెళ్ళకూడదని మాత్రం ఏ మొక్కులోనూ లేదు.

ఎందుకంటే కాలం మన చేతిలో కొద్దిగానే ఉంది. పిల్లలు మామూలుగా ఎనిమిదో నెల నుంచి పద్దెనిమిదో నెల లోపల పట్టు లేకుండా నాలుగు అడుగులు వేస్తారు. "వాళ్ళ నాన్నా ఆలస్యంగానే నడిచాడు", "గుంటడికి బద్ధకం" అని మనం మూడేళ్ళు గడిపేస్తాము. నడక దాకా ఆగనక్కరలేదు, గుర్తులు ముందే కనబడతాయి. అయిదో నెల వచ్చినా మెడ నిలపకపోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోవడం, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి ఎప్పుడూ బిగించే ఉంచడం, ఏడాదిలోపే ఒక్క చేతినే వాడటం, ఇవి గుర్తులు. మరొకటి తల్లులకే తెలుస్తుంది. గుడ్డ మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టంగా ఉందంటే చూపించాలి. ఒక తల్లి మాతో, "మాస్టర్‌సాబ్, వీడు ఆరో నెలనుంచీ అలాగే బిగిసేవాడు, పాలు తాగి బలంగా ఉన్నాడనుకున్నాం" అన్నది.

ఆ తల్లే మమ్మల్ని ఇంకొక మాట అడిగింది. "వీడు నడుస్తాడా, నడవడా? డాక్టరుగారు గబగబా తెలుగులో, ఇంగ్లీషులో ఏదో చెప్పారు, నాకు అర్థంకాలేదు. ఒక్క మాట చెప్పండి." ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి మేము చాలామందిని అడిగాము, కొంత చదివాము. పాశ్చాత్య దేశాల లెక్కల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ముగ్గురు పిల్లలలో ఇద్దరు ఏదో ఒక విధంగా, కర్ర పట్టుకునో పట్టుకోకుండానో, నడుస్తున్నారు. రెండేళ్ళలోపు తనంతట తాను కూర్చోగలిగిన బిడ్డకు నడక ఆశ గట్టిగా ఉంది. నాలుగేళ్ళు దాటినా కూర్చోలేని బిడ్డ నడవడం చాలా కష్టం. 1997లో కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు ఈ పిల్లలను ఐదు మెట్లుగా విభజించారు. ఒకటో మెట్టువాడు పరుగెడతాడు కూడా. మూడో మెట్టువాడు చేతిపట్టుతో నడుస్తాడు. ఐదో మెట్టువాడికి మెడ నిలపడానికే ఆసరా కావాలి. తరువాత అక్కడివారే ఆరువందలకు పైగా పిల్లలను ఏళ్ళ తరబడి చూసి 2002లో చెప్పిందేమంటే, ఏ మెట్టువాడైనా తాను పొందగలిగిన కదలికలో తొంభై పాళ్ళు అయిదేళ్ళు నిండేలోపే పొందుతాడని. పదేళ్ళప్పుడు లక్ష రూపాయలు పోసి చేయించేదానికన్న రెండేళ్ళప్పుడు చాపమీద చేయించే వ్యాయామం విలువైనది.

ఆ తల్లికి మేము ఒక్క మాటలో చెప్పలేదు. ఆమె కొడుకుకు అప్పటికి తొమ్మిదేళ్ళు, మోకాళ్ళమీద పాకుతాడు, పట్టుకుంటే కూర్చుంటాడు. "అందరిలా నడవకపోవచ్చమ్మా. కాని బడికి వస్తాడు" అన్నాము. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నడవకుండా బడికి ఎలా వస్తాడు?" అని అడిగింది. ఈ పిల్లల విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. నడిస్తేనే బతుకు, లేకపోతే వెనకగది, ఈ రెండే దారులని మనం అనుకుంటున్నాము. నడకకోసం చేయవలసింది చేయాలి. నడక రాకపోయినా కూర్చోవడం, తినడం, దొడ్డికి వెళ్ళడం, చదవడం ఆగకూడదు.

ఆ అబ్బాయి మాట నత్తిగా, ముద్దగా ఉంటుంది. అందుచేత బుద్ధి కూడా లేదనుకున్నారు. ఈ పిల్లలలో సుమారు సగంమందికి బుద్ధి మాంద్యం ఉంటుంది. మిగతా సగంమందికి ఉండదు, నోరు, చేయి మాట వినవు అంతే. ఇతనికి ఎక్కాలు పదహారుదాకా వచ్చు. ఇంట్లో అక్క చదువుతుంటే విని నేర్చుకున్నాడు. బడిలో ఒక వడ్రంగి చేత పక్కలకు చెక్కలు, కాళ్ళ మధ్య ఒక దిమ్మ, ముందు బల్ల ఉన్న కుర్చీ చేయించాము. ఖర్చు పెద్దదేమీ కాలేదు. కాళ్ళ మధ్య దిమ్మ ఉంటే కత్తెర పడవు, ముందుకు జారడు. ఇది మా తెలివి కాదు. మెక్సికోలో ఒక కొండపల్లెలో వికలాంగులైన కార్మికులే పిల్లలకు ఇటువంటి సామాను చెక్కతో చేసేవారు. అక్కడ వారితో పనిచేసిన డేవిడ్ వెర్నర్ 1987లో బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు, ఫిజియోథెరపీ చేసేవారు మాకు చూపించారు. బిడ్డను చంకన కాళ్ళు అటూ ఇటూ వేసి ఎత్తుకోవడం మంచిదని, బిగుతున్న కాళ్ళు అలా విడివడతాయనీ అటువంటివారే చెప్పారు. మన ఆడవాళ్ళు పూర్వంనుంచీ అలాగే ఎత్తుకుంటారు కదా! కాళ్ళు రెండూ దగ్గరగా చేర్చి మూటలా ఎత్తుకోవడమే ఈ బిడ్డలకు పనికిరాదు.

మాలిష్ గురించి కూడా అడుగుతుంటారు. నూనె రాస్తే బిడ్డకు హాయి, తప్పులేదు. కాని బిగుసుకున్న కండ నూనెతో సాగదు. నెమ్మదిగా, నొప్పి లేకుండా, రోజూ చాచి పట్టి ఉంచాలి. మోకాలు దిగువన తొడిగే ప్లాస్టిక్ పట్టీ వేసి నిలబెట్టాలి. గట్టిగా లాగే మొరటు వైద్యానికి ఎముక విరిగిన పిల్లలున్నారు. చక్రాల వాకరులో కూర్చోబెడితే నడక త్వరగా వస్తుందన్నది కూడా భ్రమే. బిగుతుకాళ్ళ బిడ్డ అందులో ఇంకా మునివేళ్ళమీదకే లేస్తాడు. మామూలు పిల్లలకే ప్రమాదమని కెనడాలో 2004లో వాటి అమ్మకం నిషేధించారు. మన సంతలో మాత్రం రంగురంగులవి వేలాడుతూనే ఉన్నాయి.

ఇంకొక సంగతి ఇక్కడి తల్లులలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మెదడులోని దెబ్బ పెరగదు, కాని బిడ్డ పెరుగుతాడు. ఎముక పొడవవుతుంది, బిగిసిన కండ పొడవవదు. అందుకని తుంటి కీలు మెల్లగా గూటినుంచి జారుతుంది. ఈ పిల్లలలో ముగ్గురిలో ఒకరికి అలా జరుగుతుంది. మొదట నొప్పి ఉండదు, పైకి తెలియదు. నొప్పి వచ్చేనాటికి కూర్చోవడం కూడా పోతుంది. స్వీడన్‌లో 1994 నుంచి ఇటువంటి ప్రతి బిడ్డకూ వరుసగా తుంటి ఎక్స్‌రే తీస్తూ, జారడం మొదలవగానే సరిచేస్తూ వచ్చారు. అక్కడ పూర్తిగా కీలు తప్పడమన్నది దాదాపు లేకుండాపోయింది. మన పిల్లలకు కూడా ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో డాక్టరును మీరే అడగండి. నడవడు కదా ఎక్స్‌రే ఎందుకని అనుకోవద్దు. నడవని బిడ్డకే అది ఎక్కువ అవసరం.

ఇప్పుడు మన సంఘం సంగతి. నొచ్చుకోకుండా వినవలసిందిగా కోరుతున్నాము. సంఘాలు, క్లబ్బులు ఏడాదికోసారి మూడుచక్రాల బళ్ళు పంచి ఫోటోలు దిగడం మనకు తెలుసు. పోలియోవారికి ఆ బండి బంగారం, కాళ్ళు పోయినా చేతులు గట్టివి కనుక. చేతులు బిగుసుకుని, నడుం నిలవని ఈ పిల్లలకు చేత్తో తిప్పే బండి ఇస్తే అది వసారాలో బట్టలారేసుకోవడానికి పనికి వస్తున్నది. కొలత తీసి ఇచ్చే కుర్చీలు వేరే ఉన్నాయి. ఇక పేరు మాట. వికలాంగులనాలా, దివ్యాంగులనాలా అని పత్రికల్లో చర్చలు చూస్తుంటాము. ఏమని పిలిచినా షాదీఖానా ముందు ఆరు మెట్లు ఆరు మెట్లే.

సర్కారువైపు ఏర్పాట్లు లేవని మనం అనలేము. 2013 నుంచి బాలస్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బళ్ళకు ఒకసారి రావాలని ఏర్పాటు. వచ్చిన రోజున బిడ్డను చుట్టాలింటికి పంపేసేవారున్నారు. పెద్దపిల్ల పెళ్ళి సంబంధం చెడుతుందని ఆ భయం, మాకు తెలియనిది కాదు. మండల కేంద్రాలలో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ చేసేవారు నియమించిన రోజున వస్తారు. 2016 చట్టం ప్రకారం ఇరవైఒక్క రకాల వైకల్యాలలో సెరిబ్రల్ పాల్సీ పేరు విడిగా ఉంది. సదరం ధ్రువపత్రంలో నలభై శాతం పైబడితే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళదాకా ఉచిత చదువు హక్కు. 2024 జూలై నుంచి పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. నిరామయ అనే బీమాలో లక్ష రూపాయలదాకా వైద్యఖర్చు వస్తుంది, ఫిజియోథెరపీ కూడా అందులో ఉన్నది. ఈ పేరే మనలో చాలామంది వినలేదు.

అయినా పిల్లలు వ్యాయామానికి ఎందుకు వెళ్ళటంలేదు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి బస్సు టికెట్టు కూడా లేదు కదా అని మేమే ఒక తండ్రిని అడిగాము. ఆయన లెక్క చెప్పారు. ఇంటినుంచి బస్‌స్టాండుకు ఆటో, అక్కడినుంచి మళ్ళీ ఆటో, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి మోయడానికి తల్లితోపాటు తానూ, అంటే ఒకరోజు కూలి, ఇంట్లో మిగిలిన ఇద్దరిని ఎవరు చూస్తారు? జిల్లా విడిపోయి 2022 నుంచి మనం అనకాపల్లి జిల్లావాళ్ళమైనా పెద్ద డాక్టర్లకు విశాఖే వెళ్ళాలి. సుమారు 50 కిలోమీటర్ల దూరం. అంత దూరం వెళ్ళాక చెప్పే మాటలు తెలుగులో. ఆయన భార్యకు ఉర్దూయే బాగా వస్తుంది. తల ఊపి వచ్చేస్తుంది. ఇంటికి వచ్చాక కాలు ఎటు చాచాలో ఎవరిని అడగాలి?

కనుక కమిటీని మేము కోరేవి మూడు పనులు. ఈ ఏడు బళ్ళ పంపిణీకి తీసిపెట్టిన సొమ్ములో కొంత, వ్యాయామానికి వెళ్ళే కుటుంబాలకు ఆటో ఖర్చుకు, పోయిన కూలికి నెలనెలా ఇవ్వాలి, ఒక్కసారి కాదు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన ఒక ఆడమనిషి తల్లితో కూడా ఆసుపత్రికి వెళ్ళి, చెప్పింది ఉర్దూలో రాసి ఇవ్వాలి. మా పాత విద్యార్థినులు ఇద్దరు ఇందుకు ఒప్పుకున్నారు. మూడవది షాదీఖానా మెట్ల పక్కన ఒక ఏటవాలు దారి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకన్న నిటారుగా కడితే కుర్చీ దొర్లిపోతుంది. మేస్త్రీకి ముందే చెప్పండి.

ఆ అబ్బాయి ఇప్పుడు బడికి వస్తున్నాడు. వాళ్ళ నాన్న సైకిలు కారేజీమీద చిన్న కుర్చీ బిగించి తీసుకువస్తున్నారు, వానలు పడ్డ రోజున రాలేరు. పెద్దవాడవుతున్నాడు, బరువవుతున్నాడు, ఆ సైకిలు ఇంకొక ఏడాది మించి ఆగదు. ఆ తరువాత ఎలాగన్నది కూడా కమిటీవారు ఆలోచించవలసి ఉంది.

ఇటువంటి బిడ్డలున్న ఇళ్ళవారు సభ అయ్యాక మమ్మల్ని కలవవచ్చును. ఇక్కడ అందరిలో చెప్పడం ఇష్టంలేని తల్లులు మా ఇంట్లోవారికి చెప్పినా చాలు. పేర్లు ఎక్కడా చదవము. భవిత కేంద్రానికి ఫిజియోథెరపీవారు ఏ రోజున వస్తున్నారో కనుక్కుని, కాగితంమీద ఉర్దూలో, తెలుగులో రాసి గుమ్మం దగ్గర పెట్టాము, వెళ్ళేటప్పుడు తలొకటి తీసుకువెళ్ళండి.